ఫ్యాను మోతతో పాటు పోయిన జవాబు

"సాక్షి మౌనం వహించారు." మూడు మాటలు. వాటిని టైపు చేయడానికి ఆమె వేళ్లకు రెండు సెకన్లు చాలు. ఆ మూడు మాటలే ఒక మనిషిని ఉద్యోగంలోంచి, బావమరిది గడపలోంచి, చివరికి కట్టుకున్న భార్య నమ్మకంలోంచి బయటికి నెట్టేశాయి. నెట్టినావిడ చెడ్డ మనిషి కాదు. ఈ సంగతి మొదటే చెప్పాలి. చెడ్డవాళ్లు చేసే అన్యాయానికి శిక్షాస్మృతిలో సెక్షన్లున్నాయి. శ్రద్ధగా పనిచేసే మంచివాళ్ల చేతుల మీదుగా జరిగే అన్యాయానికి ఒక్క సెక్షనూ లేదు.

మిల్లులలో, కర్మాగారాలలో జరిగే తగాదాలను విచారించే కార్యాలయం అది. మూడో అంతస్తులో మెట్లకు ఆనుకుని ఉన్న గది ఆమెది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు, కుర్చీ మీద ఆమె సొంతంగా కుట్టుకున్న మెత్త. విచారణ గదిలో సాక్షులు చెప్పిన ప్రతి మాటా రికార్డింగు రూపంలో ఆమె దగ్గరికి వస్తుంది, కాగితం రూపంలో బయటికి వెళుతుంది. ఆఫీసులో అందరూ ఆమెను ఫుల్‌స్టాపక్క అంటారు. ఆమె సరిచూసి సంతకం పెట్టిన పేజీ మీద ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదని దాని అర్థం. ఆ పేరు వెనక వెక్కిరింపు పావు వంతు, మర్యాద ముప్పావు వంతు. ఆమెకూ తెలుసు. లోలోపల ముచ్చటే.

ఇరవై ఆరేళ్ల సర్వీసు. అందులో మొదటి పందొమ్మిదేళ్లూ హెడ్‌ఫోన్లు లేవు. చెక్కిన పెన్సిళ్లు నాలుగు, షార్ట్‌హ్యాండు పుస్తకం ఒకటి పట్టుకుని విచారణ గదిలోనే, సాక్షికి మూడడుగుల దూరంలో కూర్చునేది. ఆమెకు పని నేర్పిన పాతతరం స్టెనోగ్రాఫరు ఒక నియమం చెప్పి వెళ్లాడు: ప్రశ్న అడిగాక సాక్షి పలకకపోతే మనసులో ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టు. పది దాటినా పలకకపోతే అప్పుడు "మౌనం" అని రాయి. పందొమ్మిదేళ్లూ ఆమె లెక్కపెట్టింది. మాట వినపడక, పెదవులు కదలడం మాత్రం కనిపిస్తే పెన్సిలు ఎత్తి, "కాస్త గట్టిగా చెప్పండి నాయనా" అనేది. ఆ ఒక్క వాక్యం ఏ చట్టంలోనూ లేదు. దాని మీద ఎంతమంది బతుకులు నిలబడ్డాయో ఎవరూ లెక్క తీయలేదు.

ఏడేళ్ల కిందట యంత్రాలు వచ్చాయి. విచారణ గది నడిమధ్య పాతకాలపు పెద్ద సీలింగు ఫ్యాను ఒకటి ఉండేది. మైకును సరిగ్గా దాని కిందే బిగించారు. దాంతో రికార్డింగు నిండా ఫ్యానే. అడుగున గుయ్యిమనే మోత, పైన ఉస్సుమనే గాలి, ఆ రెండింటి మధ్య ఇరుక్కున్న మనుషులు. రోజుకు ఏడు గంటలు అది చెవుల్లో పెట్టుకుని కూర్చుంటే, సాయంత్రానికి ఆమెకు తల పగిలిపోయేది.

ఆమె భర్త రిటైరైన బస్సు కండక్టరు. ముప్పై ఏళ్లు కిక్కిరిసిన బస్సుల్లో అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వెనక సీటువాళ్లకి వినపడేలా అంటాడు.

"ఇంట్లో నేను, ఆఫీసులో ఆ ఫ్యాను! నీ చెవులకి వేరే పెన్షన్ ఇప్పించాలే!" అని నవ్వేవాడు.

"మీకు ఆపే స్విచ్చి లేదు. దానికైనా ఉందేమో కనుక్కుంటా," అనేది ఆమె.

కనుక్కుంది. కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చిన టెక్నీషియన్, రికార్డింగు వినే ప్లేయరులో ఒక చిన్న కిటికీ తెరిచి చూపించాడు. అందులో మూడు మీటలు, ఒక గడి. మొదటి మీట కింది మోతను కోస్తుంది. రెండోది పై బుసను కోస్తుంది. మూడోది, ఇంతకన్నా సన్నని శబ్దం ఏదైనా సరే, దాన్ని నిశ్శబ్దంగా లెక్క కడుతుంది. గడిలో టిక్కు పెడితే ప్లేయరు ఆ నిశ్శబ్దాన్ని వినిపించకుండా దాటేసి తర్వాతి మాటకు వెళ్లిపోతుంది.

"ఎంత దాకా జరపమంటారక్కా?" అని అడిగాడు అతను.

"ఎంత దాకా జరుగుతుందో అంత దాకా. నువ్వు లే, నేనే జరుపుతా."

మూడు మీటలూ తన చేత్తోనే కుడివైపు చివరికంటా తోసింది. గడిలో టిక్కు పెట్టింది. ఫ్యాను మాయమైంది. మనుషుల గొంతులు కడిగిన గిన్నెల్లా తళతళలాడుతూ వచ్చాయి. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. రోజుకు పద్దెనిమిది పేజీలు చేసే మనిషి ముప్పై చేయసాగింది. ఏడాది తిరక్కుండా ఆఫీసువాళ్లు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ కిటికీని ఆమె మళ్లీ తెరవలేదు.

ఇక్కడ ఒక మార్పు గమనించాలి. పాత నియమం మారలేదు, పది అంకెలు మాత్రం పోయాయి. ప్లేయరే నిశ్శబ్దాన్ని దాటేస్తోంది కనుక ప్రశ్న వెంటనే మరో ప్రశ్న వినిపించేది. ప్రశ్న మీద ప్రశ్న పడిందంటే మధ్యలో సాక్షి నోరు విప్పలేదన్నమాటే. ఆమె వేళ్లు తమంతట తామే "సాక్షి మౌనం వహించారు" అని కొట్టేవి. టైపు చేసిన వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించి సంతకం తీసుకునే పద్ధతి కూడా ఆ ఏడే పోయింది. రికార్డింగు ఉండగా చదివి వినిపించడమెందుకని పైనుంచి ఒక సర్క్యులరు వచ్చింది. రెండు వాక్యాల సర్క్యులరు. ఒక రక్షణ కవచాన్ని ఊడబెరకడానికి రెండు వాక్యాలు సరిపోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె గది బయటి నకళ్ల కౌంటరు దగ్గరికి ఇద్దరు వచ్చారు. మగమనిషి నూలు మిల్లులో దూది ఏకే యంత్రం మీద ఇరవై రెండేళ్లు పనిచేసిన మేస్త్రీ. వెంట అతని భార్య.

దూది పొడిలో అన్నేళ్లు గడిపినవాళ్ల గొంతును మిల్లువాళ్లు "దూది గొంతు" అంటారు. అందులో నాదం ఉండదు. ఊపిరే పెదవుల దగ్గర అక్షరాలుగా మారి బయటికొస్తుంది. "అవును", "కాదు" లాంటి పొట్టి మాటలను కాస్త బలం తెచ్చుకుని అనగలరు. వివరించబోతే మూడో మాటకల్లా ఊపిరి తప్ప ఏమీ మిగలదు.

ఆ యంత్రపు ఇనుప మూతకు గొళ్లెం విరిగింది. ఒకరోజు మూత పైకి లేచి, పక్కన పనిచేస్తున్న యువకుడి కుడిచేతిని లోపలికి లాక్కుంది. అతనికి ఆ చేతికి ఇప్పుడు రెండు వేళ్లే ఉన్నాయి. అతను ఈ మేస్త్రీ భార్యకు తమ్ముడు. అక్క మొగుడే మిల్లులో చేర్పించాడు. గొళ్లెం విరిగిన సంగతి మేస్త్రీ పైవాళ్లకు చెప్పనే లేదని మిల్లు అంది. చెప్పానని మేస్త్రీ అన్నాడు. విచారణ జరిగింది. సాక్ష్యం విన్న అధికారి మరుసటి నెలలో బదిలీ మీద వెళ్లిపోయాడు. ఏడేళ్లుగా అదే కార్యాలయంలో ఉత్తర్వులు రాస్తున్న ఇంకో అధికారి టైపు కాగితాలు చదువుకుని ఉత్తర్వు రాశాడు. విన్నవాడు రాయలేదు, రాసినవాడు వినలేదు. "నిలదీసి అడిగినప్పుడు మౌనం వహించిన వ్యక్తి, ఇప్పుడు చెప్పానంటున్నది అనంతర కల్పన" అని తేల్చి, మేస్త్రీ తొలగింపును ఖాయం చేశాడు.

భార్య పద్నాలుగో పేజీని కౌంటరు మీద పరిచింది.

"ఇది టైపు చేసింది మీరేనటగా? నాకొక్క మాట చెప్పండమ్మా. ఈయన నోరు విప్పాడా, విప్పలేదా? నా తమ్ముడు ఈ కాగితం పట్టుకుని, 'మీ ఆయన చెప్పుంటే ఇక్కడ ఉండేది కదే అక్కా' అంటున్నాడు. వాడికేం చెప్పను?"

మేస్త్రీ ఏదో అన్నాడు. ఫుల్‌స్టాపక్క అతని పెదవులు చూసి అర్థం చేసుకుంది. "చెప్పానమ్మా, అంతా చెప్పాను," అంటున్నాడు.

ఓడినవాళ్లందరూ ఆ మాటే అంటారు. ఆమెకు అది కొత్త కాదు.

"వినకుండా నేను ఒక్కక్షరం కొట్టను బాబూ. నా పేజీ మీద అనుమానముంటే మీ చెవులతోనే వినండి. అడిగితే వినిపించాలని నియమం కూడా ఉంది. ఎవరూ అడగరు, అంతే."

గదిలోకి పిలిచి, హెడ్‌ఫోన్లు మొదట అతని చెవులకు పెట్టింది. ప్లేయరు తిప్పింది. వింటూ వింటూ అతని పెదవులు కదిలాయి. ఆనాడు ఇచ్చిన జవాబును మళ్లీ చెప్పుకుంటున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. హెడ్‌ఫోన్లు తీసి చేతిలో తిప్పి తిప్పి చూశాడు, జవాబు అందులోంచి ఎక్కడైనా కింద పడిందేమో అన్నట్టు.

"నేను లేనమ్మా ఇందులో," అన్నాడు. "అన్నాననే అనుకున్నానే... మనసులో అనుకున్నానా ఏంటి?"

మనిషికి ఇంతకన్నా పెద్ద హాని ఏ యంత్రమూ చేయలేదు. బావమరిది చేతిని లాక్కున్న యంత్రానికైనా వేళ్లే దొరికాయి.

భార్య హెడ్‌ఫోన్లు లాక్కుని తన చెవులకు పెట్టుకుంది. ఒకసారి వింది. రెండోసారి పెట్టమంది. "మూత గొళ్లెం విరిగిందని సూపర్‌వైజరుకు తెలియజేశారా?" వెంటనే: "ఎన్నిసార్లు తెలియజేశారు?" వెంటనే: "దానికి ఆధారం ఏమైనా ఉందా?" మూడు ప్రశ్నలు, గోడకు కొట్టిన మూడు మేకుల్లాగా. మధ్యలో ఏమీ లేదు.

"సరే," అని హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టింది. మొగుడి వైపు తిరిగి, "నాలుగు నెలలు. నాలుగు నెలలు వాడి ముందు నీ తరఫున గొంతు చించుకున్నాను. వాడి చేతికి కట్టు మారుస్తూ కూడా నీ మాటే మాట్లాడాను. నేను తమ్ముడింటికి పోతున్నా. నువ్వు నా వెనక రాకు," అంది. ఆమె చెప్పులు మెట్లు దిగిన చప్పుడు మూడంతస్తులూ వినిపించింది.

మేస్త్రీ వెళ్లలేదు. నిలబడే ఉన్నాడు.

"అమ్మా, ఇప్పుడు నేను మాట్లాడేది మీకు వినపడుతోందా?"

"వినపడుతోంది."

"మరి అప్పుడెందుకు వినపడలేదు?"

సమాధానం దొరకని ప్రశ్న ఆమె పేజీలో ఉండకూడదు. మర్నాడు పొద్దున్నే నేల అంతస్తులోని రికార్డు గదికి వెళ్లింది. తన మీద అనుమానంతో కాదు, అసలు డిస్కుతో సరిచూసి సంగతికి చుక్క పెట్టేద్దామని. అప్పీలు పెండింగులో ఉన్నా లేకున్నా, నకలు ఇచ్చిన తొంభై రోజులకు అసలు రికార్డింగును చెరిపేయాలన్నది ఇంకో సర్క్యులరు. ఆ డిస్కుకు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి.

రికార్డు గది గుమాస్తాను బీరువా బాబాయి అంటారు. ముప్పై బీరువాల మధ్య ఉండీ ఉండీ తానూ ఒక బీరువాలా తయారయ్యాడు. పాటలు వినడానికి బల్ల మీద అరచేతి మందం ప్లేయరు ఒకటి పెట్టుకున్నాడు. దానికి రెండే మీటలు: ఆడించేది, ఆపేది.

"నీ కంప్యూటరులో ఉండగా నా డొక్కు మీద వింటావేంటమ్మా?"

"అసలు డిస్కు గది దాటకూడదు కదా బాబాయ్. ఇది సరిగ్గా పలుకుతుందా?"

"దీనికి బుద్ధి లేదు తల్లీ. ఏది పెడితే అది పాడుతుంది. మనుషుల్లా ఏరుకోదు."

మీట నొక్కాడు. ముందుగా ఫ్యాను వచ్చింది. ఏడేళ్ల తర్వాత విన్న ఆ మోతకు ఆమె మొహం చిట్లించింది. తర్వాత అధికారి గొంతు: "మూత గొళ్లెం విరిగిందని సూపర్‌వైజరుకు తెలియజేశారా?"

మళ్లీ ఫ్యాను. అలవాటు కొద్దీ ఆమె లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు అంకె దగ్గర ఫ్యాను గాలిలోంచి ఇంకో గాలి విడివడింది.

బాబాయి చేతిలోని తాళాలగుత్తి కదలడం మానేసింది. "ఎవరో మాట్లాడుతున్నారే!"

"ఫ్యానేమో..."

"ఫ్యాను 'అయ్యా' అంటుందటమ్మా?"

ఇద్దరూ చెవులు స్పీకరుకు ఆనించారు. "చెప్పానయ్యా. మూడుసార్లు చెప్పాను. రెండుసార్లు నోటితో. మూడోసారి కాగితం మీద రాసిచ్చాను. స్టోరు గదిలో కాగితాలు గుచ్చే మేకు ఉంటుందయ్యా, తలుపు వెనక. నా కళ్ల ముందే దానికి గుచ్చారు. నా బావమరిదే ఆ యంత్రం పక్కన నిలబడతాడయ్యా, నేను చెప్పకుండా ఉంటానా?"

ఇరవై ఒక్క సెకన్లు. వెంటనే అధికారి, ఫ్యాను కింద అదేమీ వినపడనట్టే, తన తర్వాతి ప్రశ్న అడిగాడు. ఆమె మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టమంది. నాలుగోసారి అడగబోతే బాబాయి, "ఎన్నిసార్లు విన్నా వాడు ఉన్నాడమ్మా," అన్నాడు.

మెట్లెక్కి తన గదికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. అదే ప్రశ్నను తన ప్లేయరులో పెట్టి, మొదటిసారి చెవులతో కాక కళ్లతో చూసింది. తెర మీది అంకెలు పన్నెండో నిమిషం ఆరో సెకను నుంచి పన్నెండో నిమిషం ఇరవై ఏడో సెకనుకు దూకాయి. అంకెలు అలా దూకడం ఏడేళ్లుగా రోజూ చూస్తూనే ఉంది. పని తగ్గిందని సంతోషించింది కూడా.

చిన్న కిటికీని తెరిచింది. మూడు మీటలూ ఆమె తోసిన చోటే, కుడి చివర ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

మొదట గడిలో టిక్కు తీసింది. దూకుడు ఆగింది. ప్రశ్నల మధ్య ఇరవై ఒక్క సెకన్ల చీకటి గుంత వచ్చింది, అందులో చినుకంత శబ్దం కూడా లేదు. మూడో మీట వెనక్కి జరిపింది. గుంత అడుగున ఏదో పాకుతున్నట్టయింది. రెండోది జరిపింది. ఆ పాకేదానికి స-కారాలు, ప-కారాలు వచ్చాయి. మొదటిది జరిపింది. ఫ్యాను తిరిగొచ్చింది, దానితో పాటే మనిషీ తిరిగొచ్చాడు.

అప్పటికి ఆమెకు యంత్రం మర్మం తెలిసింది. మామూలు గొంతులో తీగలాంటి నాదం ఒకటి ఉంటుంది. ఈ మూడు మీటల జల్లెడ దాన్ని పట్టుకుని, ఇది మనిషి అని ఉంచుతుంది. దూది గొంతులో ఆ తీగ తెగిపోయింది. మిగిలింది గాలి. జల్లెడకు ఆ గాలీ, ఫ్యాను గాలీ ఒక తల్లి పిల్లలే. తవుడుతో పాటు గింజలూ పారబోసింది. "అవును", "కాదు" మాత్రం కాస్త బలంతో వచ్చాయి కనుక మిగిలాయి. అందుకే ఆమెకు ఏనాడూ అనుమానం రాలేదు. ఒప్పుకోవడానికి సరిపడా గొంతును ఆ జల్లెడ ఉంచింది. సంజాయిషీ చెప్పుకునే గొంతును తీసేసింది.

దీన్నే ఎవరైనా చట్టంగా రాసి ఉంటే, అంటే పని వల్ల గొంతు పోయినవాడి సాక్ష్యం చెల్లదని శాసనం చేసి ఉంటే, వీధుల్లోకి వచ్చి తగలబెట్టేవాళ్లం. శాసనం అక్కర్లేకపోయింది. ఒక తలనొప్పి చాలింది.

ఆమె ఇంకో పని చేసింది. ఏడేళ్ల పేజీలన్నిటిలో "మౌనం వహించారు" అన్న మాటలను వెతకమని కంప్యూటరును అడిగింది. నాలుగు వందల పన్నెండు. వాటిలో ఎన్ని నిజమైన మౌనాలో, ఎన్ని ఊపిరులో? చెప్పగల రికార్డింగులు పందొమ్మిదే మిగిలాయి. తక్కినవి తొంభై రోజులు నిండి చెరిగిపోయాయి.

సూపరింటెండెంటు ఆమె చెప్పినదంతా విని, ముందు లేచి తలుపు వేశాడు.

"చూడమ్మా, నువ్వు ఒక్క పేజీ తప్పన్నావంటే ఏడేళ్ల పేజీలూ తప్పే. రేపట్నుంచి ప్రతివాడూ 'నేనూ మాట్లాడాను' అని గుమ్మంలో నిలబడతాడు."

"మాట్లాడారేమో సార్."

"రిటైర్మెంటు ఎంతలో ఉంది నీకు?"

"పద్నాలుగు నెలలు."

"మరి? కూర్చున్న కొమ్మను నరుక్కుంటావా? పదకొండు రోజులు ఓపిక పట్టు. డిస్కు దానంతటదే పోతుంది."

"నరికింది నేనే కదండీ," అందామె. "వాళ్ల కొమ్మ."

ఆ సాయంత్రం భర్త ఎప్పటిలాగే గుమ్మంలోంచే కేక వేశాడు: "ఏం, ఫుల్‌స్టాపు గారు మొహం కామాలా వేలాడేసుకున్నారు?" ఆమె చెప్పింది. మొత్తం చెప్పింది. అతను జవాబిచ్చినప్పుడు, పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి, ఆమె అతని వైపు వంగి వినాల్సి వచ్చింది.

"ఒకసారి నేనొక ముసలాయన్ని బస్సులోంచి దింపేశా, టికెట్టు తీసుకోలేదని. రెండు స్టాపులు పోయాక చూస్తే ఆయన ఇచ్చిన డబ్బు నా సంచిలోనే ఉంది, టికెట్టు చింపి ఇవ్వలేదు నేను. డ్రైవరు వెనక్కి తిప్పనన్నాడు. నేనూ గట్టిగా అడగలేదు. ఇంత నోరు పెట్టుకుని. నువ్వు తిప్పు."

మర్నాడు ఆమె ఉత్తర్వు రాసిన అధికారికే ఒకటిన్నర పేజీ ప్రమాణపత్రం ఇచ్చింది. తేదీలు, నిమిషాలు, మీటల స్థానాలు, తన పేరు, తన తప్పు. రికార్డింగును చెరపకుండా ఆపమని, రెండు రకాలుగానూ వినమని, విచారణకు మేస్త్రీ భార్యను, బావమరిదిని కూడా పిలవమని కోరింది. చెరిపే గడువుకు రెండు రోజుల ముందు పిలుపు వచ్చింది.

అదే విచారణ గది. అదే ఫ్యాను. మేస్త్రీ ఒక గోడ పక్కన, అతని భార్యా బావమరిదీ ఎదురు గోడ పక్కన నిలబడ్డారు. బావమరిది కుడిచేయి జేబులో ఉంది.

మిల్లు వకీలు లేచాడు. "ఏడేళ్లుగా ఎవరికీ కనపడని లోపం, సరిగ్గా ఈ కేసులోనే కనపడిందటండీ! రేపు ఫ్యాను సాక్ష్యం చెప్పిందని కూడా అంటారు."

అధికారి, ఉత్తర్వు రాసినాయనే, చేయెత్తి ఆపి, "పెట్టండి," అన్నాడు.

మొదట మీటలన్నీ కుడి చివర ఉంచి పెట్టింది. ప్రశ్న, ప్రశ్న, ప్రశ్న. తర్వాత ఒక్కో మీటా వెనక్కి జరుపుతూ అందరి ముందూ మళ్లీ పెట్టింది. గదిలోని ఫ్యానూ రికార్డింగులోని ఫ్యానూ కలిసిపోయాయి. అధికారి ముందుకు వంగాడు. "ఏదో ఉంది... స్పష్టంగా లేదు. సాక్షినే అడుగుదాం. ఏమయ్యా, ఆ రోజు ఏం చెప్పావు?"

మేస్త్రీ పెదవులు కదిలాయి. ఎవరికీ ఏమీ వినపడలేదు.

ఫుల్‌స్టాపక్క లేచింది. తలుపు పక్కన, మోచేతి ఎత్తులో ఉన్న స్విచ్చిని నొక్కింది.

ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. ఏడేళ్లలో ఆ గదిలో ఎవరికీ తట్టని పని అది. యంత్రాలు కొన్నారు, సర్క్యులర్లు పంపారు, ప్రశంసాపత్రాలు ఇచ్చారు. స్విచ్చి మాత్రం అక్కడే ఉంది.

"కాస్త గట్టిగా చెప్పండి నాయనా," అందామె.

అతను చెప్పాడు. రెండుసార్లు నోటితో, మూడోసారి కాగితం మీద. గదిలో ప్రతి అక్షరం వినపడింది. చివరి వాక్యం దగ్గర అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావమరిది చేయి జేబులోంచి బయటికొచ్చింది.

"బావా, ఆ మేకు... తలుపు వెనకదా, కిటికీ పక్కదా?"

"తలుపు వెనకదిరా."

"కిటికీ పక్కదే రోజూ దులుపుతారు. తలుపు వెనకది ఎవరూ ముట్టుకోరు." అని అధికారి వైపు తిరిగాడు.

అధికారి వెంటనే ఇనస్పెక్టరును మిల్లు స్టోరు గదికి పంపాడు. ఆ కాగితం ఆ మధ్యాహ్నమే దొరికింది, తుప్పు మరకతో, మేస్త్రీ చేతిరాతతో. పద్నాలుగో పేజీని దిద్దమని ఆయన అక్కడికక్కడే ఆదేశించాడు. తొలగింపు ఉత్తర్వును పక్కన పెట్టాడు. మాటలను రికార్డు చేసుకోవడానికి మైకు ఉన్నా, ఆమె సంచిలోంచి పెన్సిలు తీసి షార్ట్‌హ్యాండులోనే రాసుకుంది.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు ఆయన, కాగితాలు సర్దుకుంటూ.

ఉందంది. పదకొండు పేజీల జాబితాను ఆయన ముందు పెట్టింది. నాలుగు వందల పన్నెండు మౌనాలు. కేసు నంబరు, పేజీ నంబరు, సాక్షి ఏ పని చేసేవాడన్న సంగతి. సగం మందికి పైగా దూది మిల్లులవాళ్లు, సున్నపు బట్టీలవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు.

"వీళ్ల రికార్డింగులు?"

"పందొమ్మిదే ఉన్నాయండీ. తక్కినవాళ్లని మళ్లీ పిలిచి అడగాలి."

"వీటి మీద వచ్చిన ఉత్తర్వులు?"

"అన్నీ అమలైపోయాయండీ. వాటిలో ఎక్కువ సంతకాలు మీవే."

ఆయన మొదటి పేజీ తిప్పాడు. రెండో పేజీ తిప్పాడు. ఫ్యాను ఆగిన ఆ గదిలో కాగితం చప్పుడు తప్ప ఏమీ లేదు. వాళ్లను పిలుస్తారా అని ఆమె అడిగింది. ఆయన పెదవుల వైపే చూస్తూ, పని నేర్పినాయన చెప్పినట్టు, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొందరపడలేదు. ఒక్క అంకె కూడా దాటేయలేదు. పది పూర్తయ్యాక పెన్సిలు కాగితానికి ఆనించింది.

"అధికారి మౌనం వహించారు," అని రాసి, చుక్క పెట్టింది.